మా అత్త అడిగిన శకునం

మా మేనత్త రైల్వే స్టేషన్లో విచారణ కౌంటర్ మనిషి. అద్దానికి చేసిన గుండ్రటి కంతలోంచి లోకమంతా ఆమెను ప్రశ్నలు అడుగుతుంది, ఆమె జవాబులు చెబుతుంది. పాతికేళ్ళ నుంచీ ఇదే పని. "అమ్మా, బండి వచ్చేసిందా?" అంటారు. "ఏ బండి?" అంటుంది అత్త. "మా తమ్ముడొచ్చే బండి." "మీ తమ్ముడు ఎక్కణ్ణించి వస్తున్నాడు?" "వాళ్ళ అత్తారింటి నుంచి." ఇలాంటివాళ్ళు తెల్లారితే బోలెడుమంది. అందరికీ ఓపిగ్గానే చెబుతుంది గానీ, ఆ ఓపికంతా కౌంటర్ దగ్గరే ఖర్చయిపోయి ఇంటికొచ్చేసరికి మాకేమీ మిగలదు. "బజారుకెళ్తున్నావా అత్తా?" అన్నామనుకోండి, "వెళ్తున్నానా లేదా అని అడుగుతున్నావా, నీకేదైనా తెమ్మని అడుగుతున్నావా? రెండోదైతే రెండోదే అడుగు" అంటుంది.

నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఆమె ఇంట్లోనే ఉంటున్నాను. నేను ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. మనుషుల లోపల ఏముందో చూడటమే నా పని, కాకపోతే ఎముకల వరకే. అందుకే మా అత్త లోపల ఏం జరుగుతోందో పక్క గదిలో పడుకుంటూ కూడా చాలాకాలం కనిపెట్టలేకపోయాను.

అత్తకి పెళ్ళి కాలేదు. కాలేదనడం కంటే, ఆమె ప్రశ్నలకి తట్టుకుని నిలబడ్డవాడు లేడనడం సబబు. ఒకాయన "నేను మీకు నచ్చానా?" అని సిగ్గుపడుతూ అడిగితే, "ఏ విషయంలో?" అందట. ఆ పెద్దమనిషి సగం టీ వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ కప్పు ఎత్తి పారబోస్తూ, "కనీసం విషయాల చిట్టా అయినా చెప్పలేకపోయాడు" అని విసుక్కుందే తప్ప రవ్వంత బాధపడలేదు.

అలాంటి మనిషిని ఒక ఆదివారం బలవంతంగా కళ్ళజోళ్ళ షాపుకి లాక్కెళ్ళింది నేనే. జోళ్ళ కోసం కాదు. ఆ షాపు వెనక గదిలో ఆదివారం మధ్యాహ్నం మేం ఒక ఆట ఆడతాం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట, గెలుపూ ఓటమీ ఉండవు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్ళం ఆ కథలో మనుషులం. "ఎదురుగా కొండ గుహ, లోపల ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తారు?" అని ఆ నడిపేవారు అడుగుతారు. ఏం చేస్తామో మేం చెబుతాం. చేసింది ఫలించిందా లేదా అనేది పాచికలు చెబుతాయి. నేను గొడ్డలి పట్టుకుని తిరిగే మొరటు యోధురాలిని. ఆస్పత్రిలో రోజంతా "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అని మెత్తగా చెప్పేదాన్ని కదా, వారానికోసారి ఎవరి తలుపైనా బద్దలు కొడితే గానీ నాకు తోచదు.

కథ నడిపేది షాపు యజమాని. మేమంతా ఆయన్ని గురువుగారూ అంటాం. ఆయన నోరు విప్పడమే తక్కువ. విప్పినా, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని ఎదుటివాళ్ళని అడగడమే గానీ తనకేది బాగుందో చచ్చినా చెప్పరు. ఒకసారి పెళ్ళయింది. ఆవిడ విడాకులు తీసుకుని వెళ్ళిపోతూ, "ఈయన నోట్లోంచి అవునో కాదో రాబట్టేలోగా నా జుట్టు నెరిసిపోయేట్టుంది" అందట. ఈ మాట ఆయనే నవ్వుతూ మాకు చెప్పారు. ఆవిడ అన్నది నిజమేనా అని అడిగితే మాత్రం నీళ్ళు నమిలారు.

ఆట మొదలైతే ఆయన వేరే మనిషి. రాక్షసుడైతే రాక్షసుడు, మహారాణి అయితే మహారాణి. న్యాయం విషయంలో మాత్రం మరీ చాదస్తం. జోళ్ళ అట్టపెట్టెలు కత్తిరించి చేసిన తెర వెనక పాచికలు వేస్తారు. అవి ఎవరికీ కనబడకూడదని, ఆటకి ముందు షాపులో ఉన్న అద్దాలన్నీ ఒక్కొక్కటిగా గోడవైపు తిప్పి వస్తారు. కళ్ళజోళ్ళ షాపులో ఎన్ని అద్దాలుంటాయో మీకు తెలుసు.

మాతో ఇంకో ఇద్దరు ఆడతారు. ఒకరు లెక్కల మేష్టారు. రెండోవాడు పార్సిళ్ళు పంచే మనిషి, పేరేదైతేనేం, మాకు పార్సిల్. ఆటలో దొంగ. పెట్టె కనిపిస్తే తెరవకుండా ఉండలేడు.

అత్త జోస్యురాలి పాత్ర తీసుకుంది. ఆ పాత్ర దగ్గర శకునం అని ఒక మంత్రం ఉంది. రూల్‌బుక్కులో దానికి కేటాయించింది అర పేజీ. నువ్వు చెయ్యబోయే పని చెప్పి, అది మంచిదా చెడ్డదా అని ఆ కథలోని దేవుణ్ణి అడగొచ్చు. జవాబు నాలుగింటిలో ఒకటే ఉంటుంది: శుభం, అశుభం, రెండూ, ఏదీ కాదు. ఆ పని చేసే ఉద్దేశం నిజంగా ఉండాలి. దేవుడు చూసి చెప్పేది రాబోయే అరగంట వరకే. కథలో రాత్రి నిద్రపోయి లేవకుండా రెండోసారి అడిగావో, జవాబు తప్పుగా వచ్చే ప్రమాదం ఉంది. అసలు జవాబా, ఏదో ఒక జవాబా అన్నది తెర వెనక పాచిక తేలుస్తుంది. ఏం పడిందో కథ నడిపేవాడు ఎవరికీ ఎప్పటికీ చెప్పకూడదు. ఇంతే. ఈ అర పేజీ పట్టుకుని మేం ఎన్ని ఆదివారాలు కొట్టుకున్నామో లెక్కే లేదు.

మొట్టమొదటిసారి అత్త, "ఈ వంతెన దాటితే మంచిదా?" అని అడిగింది. "శుభం" అన్నారు గురువుగారు. హాయిగా దాటాం. అవతలి గట్టు మీద మొసలి కాచుకుని ఉండి పార్సిల్ చెయ్యి కొరికేసింది. పార్సిల్ ఒంటికాలి మీద లేచాడు. "శుభం అన్నారు కదండీ!" "వంతెన గురించే కదా అడిగారు. వంతెనకి ఏమైంది? గట్టిగానే ఉందిగా" అన్నారు గురువుగారు.

పార్సిల్ నెత్తి కొట్టుకున్నాడు. మా అత్త మాత్రం ఆయన్ని అదోలా చూసింది. ఇంటికొచ్చి తాళం తీస్తూ, "ఆయన అడిగినదానికే జవాబు చెప్పాడే" అంది. పరాయి దేశంలో సొంత భాష వినబడ్డ మనిషిలా అంది. నేను పట్టించుకోలేదు. నాకు ఎముకలే కనిపిస్తాయని ముందే మనవి చేసుకున్నాను.

అప్పటి నుంచీ ఇద్దరికీ పోటీ. ఒక గదికి ఐదు తలుపులుంటే అత్త, "ఈ ఐదూ వరసగా తెరుచుకుంటూ పోయి, మొదటి ప్రమాదం కనబడగానే ఆగిపోదామని నా ఉద్దేశం, మంచిదా?" అని అడిగేది. గురువుగారు గడ్డం గోక్కుని, "ఆగిపోయే ఉద్దేశం నిజంగా ఉందా మేడం?" అనేవారు. "పార్సిల్ ఆగకపోతే నాది పూచీ కాదు." "అయితే రెండూ" అనేవారు. మేష్టారు కాగితం తీసి లెక్కలు కట్టేవారు. నేను గొడ్డలితో గోడకి కొత్త తలుపు చేసేదాన్ని.

కథలో ఒక కోట ఉంది, ఆ కోట గుమ్మానికి ఒక కాపలాదారు. ఆ కాపలాదారుగా మాట్లాడేది గురువుగారే. మా జోస్యురాలు ఆ దారిన వచ్చినప్పుడల్లా అతనితో నాలుగు మాటలు మాట్లాడకుండా కదలదు. "ఈ చలిలో ఒక్కరే నిలబడతారా?" అని ఆమె. "అలవాటైపోయింది. మీరు ఒక్కరే తిరుగుతారా?" అని అతను. ఇలా మూడేళ్ళు నడిచింది. ఎక్కడో నిధి ఉంటే అక్కడికి కోట మీదుగా ఎందుకు వెళ్ళాలో పార్సిల్‌కి అర్థమయ్యేది కాదు. నాకు మూడో ఏడు వెలిగింది. మేష్టారికి మొదటి నెలలోనే తెలుసట, లెక్కలో భాగం కాదని చెప్పలేదట!

ఇంతలో అత్తకి ప్రమోషన్ వచ్చింది. హెడ్డాఫీసులో ఉద్యోగం, మరో ఊళ్ళో. వస్తానో రానో సోమవారం పొద్దున ఆఫీసరుకి చెప్పెయ్యాలి. శనివారం సాయంత్రం చాపలా చుట్టుకుపోయి సోఫాలో పడుకున్న అత్తని, "వెళ్తావా?" అని అడిగాను.

"తెలీదు."

మా ఇంట్లో ఆ మాట వినడం అదే మొదలు. పక్కన కూర్చున్నాను. "ఆయన్ని అడగొచ్చుగా" అన్నాను.

"ఏమని?"

"ఉండమంటారా అని."

"నీళ్ళు నములుతాడు. ఆ తరవాత నా మొహం చూడలేక ఆట మానేస్తాడు. నాకున్నదే ఆ ఒక్క ఆదివారం" అంది. ఆ మాటతో నాకు ఆమె మీద ఎంత జాలేసిందంటే, జాలి కనబడితే తిడుతుందని వంటింట్లోకి పారిపోయాను.

మర్నాడు ఆట మొదలైన కాసేపటికే పార్సిల్‌కి ఒక పెట్టె దొరికింది. "అక్కా, అక్కా, శకునం చూడక్కా, ఇది తెరిస్తే ఏమవుద్దో" అని చెవిలో జోరీగలా మొదలెట్టాడు. పోరు పడలేక అత్త అడిగింది. శుభం వచ్చింది. పెట్టెలో ఒక పాత చెప్పు ఉంది, ఒకే కాలిది. ఆ తరవాత చాలాదూరం నడిచాక విషపు పొగ వచ్చి మేమంతా మూర్ఛపోయాం. లేచేసరికి ఎదురుగా కోట.

అత్త నిటారుగా కూర్చుంది. "శకునం అడుగుతాను" అంది.

"ఇందాకే ఒకటి అయిపోయింది మేడం. రాత్రి నిద్ర పడలేదు" అన్నారు గురువుగారు.

"మూర్ఛపోయాం కదా."

"మూర్ఛ నిద్ర కిందకి రాదమ్మా" అన్నారు మేష్టారు.

"నేను గురక కూడా పెట్టాను" అన్నాను, అత్త తరఫున.

గురువుగారు పుస్తకం తెరిచి, జోళ్ళు పైకి జరుపుకుని రెండుసార్లు చదివారు. ఆ ఒక్కసారికి కళ్ళు మూసుకుని నిద్రే అనేస్తే ఆయన సొమ్మేం పోతుందని నా మంట. అనలేదు. "రాత్రి అని రాసుంది. మీరు పడిపోయింది పగలు. ఇది రెండో శకునమే అవుతుంది, జవాబు తప్పు కావచ్చు. అయినా అడుగుతారా?"

"అడుగుతాను. ఈ అరగంటలోపు నేను కాపలాదారు దగ్గరికెళ్ళి, 'నేను వెళ్ళిపోవాలో ఉండాలో రేపటికల్లా తేలాలి, నన్ను ఉండమంటారా?' అని అడుగుదామనుకుంటున్నాను. అడిగితే మంచిదా, చెడ్డదా?"

ప్రమోషన్ సంగతి గురువుగారికి తెలుసు. నేనే రెండు వారాల కిందట, జోళ్ళ కాడ బిగించుకునే నెపంతో వెళ్ళి ఆయన చెవిన వేసి వచ్చాను. ఆటలో దేవుడన్నా, కాపలాదారన్నా ఆయనే కదా. ఆయన జోళ్ళు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నిజంగానే అడిగే ఉద్దేశం ఉందా మేడం?"

"ఉంది."

తెర వెనక పాచికలు గలగలమన్నాయి. ఆయన వాటిని చూశారు. చూస్తూనే ఉండిపోయారు. నేను మెడ సాచాను గానీ అద్దాలన్నీ గోడలకేసి చూస్తున్నాయి. చివరికి "అశుభం" అన్నారు.

అది ఆయన మనసులో మాటా, పాచిక పెట్టిన మంటా? ఆయన చెప్పకూడదు. చెప్పరు కూడా, ఆ చాదస్తపు మనిషి. ఆయన చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి.

"మంచిది. అడక్కక్కా అయితే. ఆ రెండో కాలి చెప్పు ఎక్కడుందో చూద్దాం పదండి" అన్నాడు పార్సిల్. బల్ల కింద నుంచి వాణ్ణి ఒక్క తన్ను తన్నాను. "అబ్బా" అన్నారు మేష్టారు.

అత్త తన పాచికలు సంచిలో వేసుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. లేవలేదు. రూల్‌బుక్కు ముందుకు లాక్కుని శకునం పేజీ తీసి, బండి ఆలస్యమైందని మైకులో చెప్పే గొంతుతో అడిగింది. "మేష్టారూ, ఈ మంత్రం చెప్పేది ఎంతసేపటి సంగతి?"

"అరగంట."

"అరగంట దాటాక అదే ప్రశ్న అడిగితే, ఈ అశుభం దానికి వర్తిస్తుందా?"

మేష్టారు ఆలోచించారు. "వర్తించదు. ఆ సంగతి దేవుడు చూడనే లేదు."

"అయితే ఇంకేం! మేమందరం కోట గుమ్మం దగ్గర అరగంట కూర్చున్నాం. అయిపోయింది. అడిగెయ్యక్కా" అన్నాడు పార్సిల్. మా ఆటలో కాలం అలాగే గడుస్తుంది, నోటితో అంటే చాలు.

"కుదరదు" అంది అత్త.

"ఎందుక్కుదరదు? పోయినవారం ఓడ ప్రయాణం మొత్తం ఒక్క ముక్కలో తేల్చేశాం!"

"అది కథలో కాలం. ఈ అరగంట గోడ గడియారంలో గడవాలి."

మేష్టారు నిబంధన అడ్డొచ్చి ఊరుకోలేకపోయారు. "అమ్మా, మంత్రం వేసింది నీ పాత్ర. కనుక పాత్రకి గడిచే కాలమే..."

"అడిగింది పాత్ర కాదు మేష్టారూ" అంది అత్త.

గురువుగారి చేతిలోంచి పెన్సిల్ జారి, దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలి ఆగింది. పార్సిల్ అత్తని చూశాడు, ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఓరి నాయనో" అన్నాడు, మూడేళ్ళ కోట దారంతా ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు.

మా అత్త చేతులు కట్టుకుని గడియారం కేసి చూస్తూ కూర్చుంది. ఆ అరగంట నేను జన్మలో మర్చిపోను. గురువుగారు టీ పెట్టారు. చక్కెర వేశారు, వేశానా లేదా అన్నట్టు చూసి మళ్ళీ వేశారు. ఏం చెయ్యాలో తోచక పార్సిల్‌ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు పరీక్ష చెయ్యడం మొదలుపెట్టారు. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" "నాకు ఇక్కణ్ణించి ఏదీ బాగోలేదు గురువుగారూ, ముందు మీరు మంచినీళ్ళు తాగండి" అన్నాడు పార్సిల్. మేష్టారికి ఇంటి నుంచి ఫోనొచ్చింది. "వస్తున్నానే, ఇక్కడో రూలు తేలాలి" అని పెట్టేశారు. నాకు మాత్రం నిజంగా భయమేసింది. ఆయన నీళ్ళు నమిలితే ఈమె ఏమైపోతుంది? రేపు పెట్టె సర్దుకుంటుంది, ఒక్క మాట అనదు, కొత్త ఊళ్ళో కొత్త అద్దం వెనక కూర్చుంటుంది. ఆదివారాలు ఏం చేస్తుంది?

గడియారం ముల్లు అరగంట గీత దాటింది. అత్త ఇంకో నిమిషం కూడా ఆగింది. ఆ గడియారం కొంచెం ముందు నడుస్తుందని ఆమెకి తెలుసు.

తరవాత లేచి నిలబడింది. "గురువుగారూ, రేపు పొద్దున నేను హెడ్డాఫీసుకి వస్తానో రానో చెప్పాలి. నేను ఇక్కడ ఉండిపోవడం మీకు కావాలా? ఆటకి ఒక మనిషి తగ్గకుండా ఉండటానికని కాదు. మీకు, మీ ఇంట్లో, మీతో కలిసి బతకడానికి. కావాలా, వద్దా? రెండూ అనీ, ఏదీ కాదనీ అనకండి."

గురువుగారి చెయ్యి దానంతటదే పాచికల మీదకి పోయింది. ఆయన దాన్ని చూసుకుని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

"కావాలి" అన్నారు.

"ఏది?"

"మీరు చెప్పినవన్నీ. ఆ వరసలోనే." ఆయన చాదస్తం కొద్దీ ఉన్నది దాచలేక, "ఆటకి కూడా కావాలి" అన్నారు.

పార్సిల్ ఈల వేశాడు. మేష్టారు జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నారు. మా అత్తకి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, ఏది ముందు తుడుచుకోవాలో తెలీక బల్ల మీద చరిచింది.

"ఈ మూడక్షరాలు చెప్పడానికి మూడేళ్ళు నన్ను ఆ కోట గుమ్మం దగ్గర నిలబెట్టారా?"

"మీరు అడగలేదు కదా మేడం" అన్నారాయన.